ఆసుపత్రి రోజుకి కూలి ఎవరిస్తారు?

నూజెండ్ల మండలంలో మా ఊరాయన ఒకాయనకి ఏడాదిలో ఆరుగురు చుట్టాలు చనిపోయారు. మేస్త్రీకి చెప్పిన లెక్క అది. ఒకసారి మేనమామ, ఒకసారి పెద్దమ్మ, ఇంకోసారి తోడల్లుడి తండ్రి. నిజానికి ఆ రోజుల్లో ఆయన తెల్లారకముందే బస్సెక్కి హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లేవాడు. అదీ దగ్గర్లో ఉన్నదానికి కాదు, ఊరివాళ్లు ఎదురుపడని దూరపు చోటికి. "ఏం బాబాయ్, మీ వంశంలో ఇంకెవరన్నా మిగిలారా?" అని మేస్త్రీ ఎగతాళి చేశాడట. ఈ మాట నాకు చెబుతూ ఆయనా నవ్వాడు. ఆయనెవరో చెప్పను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను కూడా.

పోయిన డిసెంబర్ ఒకటిన, హైదరాబాద్‌లో నేను చేసే ఆఫీసులో, ఎర్ర రిబ్బన్ బొమ్మతో హెచ్‌ఆర్ వాళ్ల మెయిల్ వచ్చింది. ఉద్యోగి ఆరోగ్యం మీద పెట్టే ఖర్చు ఖర్చు కాదు, పెట్టుబడి అని అందులో రాశారు. మంచి మాటే కదా అనిపించింది. చదువుతుంటే మా ఊరాయన గుర్తొచ్చాడు. ఆయన మీద ఎవరు పెట్టుబడి పెడతారు?

ఈ 'పెట్టుబడి' వాదానికి ఒక చరిత్ర ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 2001లో బోట్స్వానాలో దెబ్స్వానా వజ్రాల కంపెనీ, 2002లో దక్షిణాఫ్రికాలో ఆంగ్లో అమెరికన్ గనుల కంపెనీ తమ కార్మికులకి హెచ్‌ఐవీ మందులు ఇస్తామని ముందుకొచ్చాయి. అప్పటికి దక్షిణాఫ్రికా ప్రభుత్వం సొంత ప్రజలకి ఆ మందులివ్వకుండా కాలయాపన చేస్తోంది. ఆ కంపెనీలు బతికించిన మనుషులు నిజమైన మనుషులు. ఆ తర్వాత అక్కడి బొగ్గుగనుల మీద లెక్కలు కట్టినవాళ్లు మందులివ్వడమే యజమానికి లాభమని తేల్చారు. జబ్బుపడిన కార్మికుడు పనికి రాని రోజులు, చనిపోతే కుటుంబానికి కట్టాల్సిన సొమ్ము, కొత్తవాణ్ణి వెతికి పని నేర్పించే ఖర్చు, ఇవన్నీ కలిపితే మందుల ఖర్చు కంటే ఎక్కువ.

లెక్క తప్పు కాదు. కానీ అది నిలబడాలంటే ఒక షరతు ఉంది: పోయిన కార్మికుడి స్థానంలో ఇంకొకణ్ణి తెచ్చుకోవడం యజమానికి భారమవ్వాలి. గనిలో యంత్రం నడిపేవాడి విషయంలో అవుతుంది. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ విషయంలోనూ అవుతుంది. మిరపకోత ముఠాలో మనిషి విషయంలో? మేస్త్రీ ఇంకో ఇంటి తలుపు తడతాడు. పది నిమిషాల పని. ఖర్చు సున్నా. అంటే ఇదే లెక్క నూజెండ్లలో వేస్తే ఆ మనిషికి వైద్యం 'గిట్టుబాటు కాదు' అని జవాబొస్తుంది. మనిషిని బతికించడానికి లాభాన్ని కారణంగా చూపిస్తే, లాభం లేనిచోట వదిలెయ్యడానికి కూడా కారణం ఇచ్చినట్టే. నా గొడవంతా ఇక్కడే.

ఇదేదో మాకు దూరపు సంగతి అనుకోకండి. నూజెండ్ల అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉండేది. పల్నాడు జిల్లా అయింది 2022లో. 2004-05లో గుంటూరు జిల్లాలో పన్నెండు వేలమందికి పైగా జనం నుంచి రక్తనమూనాలు తీసుకుని ఒక పెద్ద అధ్యయనం చేశారు. 15-49 ఏళ్ల వయసువాళ్లలో 1.72 శాతం మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. పల్లెకీ పట్నానికీ పెద్ద తేడా కనపడలేదు. లారీ డ్రైవర్ల జబ్బు, హైవే జబ్బు అని చెప్పుకుని తప్పించుకునే వీల్లేదన్నమాట.

మందు సంగతి చూద్దాం. 2001లో సిప్లా కంపెనీ ఏడాదికి 350 డాలర్లకే మూడు మందుల చికిత్స ఇస్తానని ప్రకటించింది. అంతకుముందు దాని ఖరీదు పదివేల డాలర్ల పైమాటే. 2004 ఏప్రిల్ ఒకటి నుంచి మన ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట ఎంచుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇప్పుడు చాలామందికి రోజుకో మాత్ర. ప్రపంచంలో ఎంతోమంది వేసుకునే ఈ మందుల్ని తయారుచేసే పెద్ద కంపెనీల్లో హెటిరో, అరబిందో మన హైదరాబాద్‌వే. క్రమంగా మాత్ర వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకి దొరకనంతగా తగ్గినవాళ్ల నుంచి లైంగికంగా ఇంకొకరికి జబ్బు అంటదని కూడా తేలిపోయింది.

కాబట్టి మా ఊరాయన మాత్రకి రూపాయి కట్టక్కర్లేదు. ఆయన కట్టేది రోజుని. ఆసుపత్రికి వెళ్లిన రోజు కూలి పోతుంది. బస్సు ఛార్జీలు, దారిలో తిండి. వీటి మీద ఒక అబద్ధం. నెలకోసారి వెళ్తే ఏడాదికి పన్నెండు రోజులు. నిలకడగా ఉన్నవాళ్లకి మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తే నాలుగు రోజులు. సరిగ్గా కోతల మధ్యలో ఆ రోజొస్తే 'ఈసారికి పోనీలే' అనుకుంటాడు. మందు ఆగేది అలాగే. యజమాని లాభనష్టాల పట్టికలో ఈ పద్దు ఎక్కడా ఉండదు, ఎందుకంటే దీన్ని భరిస్తున్నది యజమాని కాదు.

మరి కంపెనీలే కేంద్రాలు తెరిస్తే? మన పక్కనే కర్ణాటకలోని వాడిలో ఏసీసీ సిమెంట్ కంపెనీ ప్రభుత్వంతో కలిసి ఏఆర్‌టీ కేంద్రం నడిపింది. చుట్టుపక్కల జనానికి మేలే. కానీ ఒక్క ప్రశ్న: మందిచ్చే చెయ్యీ జీతమిచ్చే చెయ్యీ ఒకటే అయితే రహస్యం ఎక్కడ దాగుతుంది? బాంబే హైకోర్టులో 1997లో తేలిన ఎంఎక్స్ కేసు గుర్తుచేసుకోవాలి. అతనొక ప్రభుత్వరంగ సంస్థలో క్యాజువల్ కూలీ. పరీక్ష చేయించారు, హెచ్‌ఐవీ ఉందని తేలింది, పని ఆగిపోయింది. మనిషి మాత్రం పని చెయ్యగలిగేలాగే ఉన్నాడు. కోర్టు మళ్లీ పనిలోకి తీసుకోమంది, నష్టపరిహారం ఇవ్వమంది. యజమానికి సంగతి తెలిస్తే ఏమవుతుందో కూలివాళ్లకి కోర్టు చెప్పక్కర్లేదు. అందుకే చుట్టాల్ని చంపుతున్నారు.

చట్టం లేదా అంటే ఉంది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్‌లో అమల్లోకొచ్చింది. ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్ష షరతు పెట్టకూడదు, వివక్ష చూపకూడదు అంది. కానీ ఫిర్యాదులు వినే అధికారిని పెట్టాల్సింది వందమంది, అంతకు మించి ఉన్న సంస్థలు. ఆసుపత్రులకైతే ఇరవై. ముఠాకి ఫిర్యాదు అధికారి ఎవరు? మేస్త్రీయేనా? ఈఎస్‌ఐలో నెలల తరబడి జబ్బు సెలవుకి డబ్బిచ్చే జాబితాలో ఎయిడ్స్ ఉంది. దాన్ని అందుకోవాలంటే ముందు ఈఎస్‌ఐ కార్డుండాలి. కోత కూలీకి ఏ కార్డు?

'అప్పుల్లో ఉన్న మిరప రైతు కూడా యజమానేనా, అతని మీద ఇంకో భారమా?' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నేనడిగేది అతన్ని కాదు. మిర్చి యార్డులో సరుకు కొన్నవాడు మార్కెట్ కమిటీకి సెస్సు కడతాడు. భవన నిర్మాణ ఖర్చులో ఒక శాతం కార్మిక సంక్షేమ నిధికి పోవాలని 1996 నుంచీ చట్టముంది. కూలివాడి చెమట మీద వసూలయ్యే డబ్బు ఇప్పటికే ఉంది. అందులోంచి ఆసుపత్రి రోజుకి కూలి ఇవ్వండి. షరతు ఒక్కటే: జబ్బు పేరు అడగొద్దు. షుగరో, బీపీయో, టీబీయో, హెచ్‌ఐవీయో, అన్నింటికీ ఒకే చీటీ. 'ఫలానా మనిషి ఫలానా రోజు ఆసుపత్రికి వచ్చాడు' అని ఉంటే చాలు. హెచ్‌ఐవీకి విడిగా సాయం పెడితే ఆ సాయమే చాటింపవుతుంది. అందరికీ ఇస్తే అందరిలో కలిసిపోతుంది.

పెద్ద కంపెనీలకీ ఇదే మాట. డిసెంబర్ ఒకటి మెయిల్ ఆపెయ్యండి. మీ క్యాంటీన్లో, సెక్యూరిటీలో, హౌస్‌కీపింగ్‌లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకి ఆసుపత్రి రోజున జీతం కొయ్యకుండా ఉండండి. ఆ మెయిల్ వచ్చిన రోజు మా అంతస్తు ఊడుస్తున్న ఆవిడకి అది రాలేదు. ఆవిడకి కంపెనీ మెయిల్ ఐడీయే లేదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే ఆయన కనపడ్డాడు. బాగున్నాడు, ఒళ్లు కూడా చేశాడు. "ఈ ఏడు ఎవర్ని చంపాలో తెలీటంలేదురా అబ్బాయ్, మీ నాన్నని వాడుకోనా?" అన్నాడు. మా నాన్న పక్కనే ఉన్నాడు. "వాడుకో" అన్నాడు.