సూర్యుని విందులో పంక్తిభేదము

సూర్యభగవానుడు పంక్తిభేద మెరుగడు. ఖమ్మము పట్టణమున మూడంతస్తుల మేడపైనను, దమ్మపేట అడవి యంచున కొండరెడ్ల పాకపైనను ఒక్కరీతిగనే కాయుచున్నాడు. ఆ యెండను విద్యుత్తుగా మార్చుకొనుటకై ప్రజల బొక్కసమునుండి ఇచ్చు సహాయము మాత్రము అట్లు సమముగా పడుటలేదు. వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్నను కొదవ యుండదందురు. అడవి యంచువారికి వడ్డించువాడును లేడు, విస్తరియును లేదు. ఈ సంగతి పట్టణవాసులమగు మనమే ముందుగా మాటాడవలసియున్నది. ఏలయన ఆ విందున ముందుపంక్తిని కూర్చున్నవారము మనమే.

కేంద్రప్రభుత్వమువారు 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ యోజనను ఆరంభించిరి. కోటి ఇండ్ల కప్పులపై సౌరఫలకములు నిలుపుట దాని సంకల్పము. అందులకు కేటాయించినది 75,021 కోట్ల రూపాయలు. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటు ఒక్కింటికి 30,000 రూపాయలు, మూడవదానికి 18,000 రూపాయలు, మొత్తముమీద 78,000 రూపాయలకు మించకుండ గృహస్థునకు సబ్సిడీ ఇత్తురు. ఆరంభమున ప్రభుత్వమువారు కట్టిన లెక్క ప్రకారము మూడు కిలోవాట్ల అమరికకు 1,45,000 రూపాయలు కావలెను. సబ్సిడీ పోగా 67,000 రూపాయలు గృహస్థుని పాలు. బజారులో స్వదేశీ ఫలకముల ధర సాధారణముగా ఇంతకన్న హెచ్చే. కిలోవాటు ఫలకములు దినమునకు సుమారు నాలుగు యూనిట్లనిచ్చును. అమర్చినవారు అయిదేండ్లు వాని బాగోగులు చూడవలెనను నియమమును కలదు.

యోజన మంచిదే. మన దేశమున చేసిన ఫలకములకే సబ్సిడీ యను షరతు మరియు మంచిది. ఖద్దరును నమ్మిన దేశమునకు ఆ మాత్రము పట్టుదల ఉండవలసినదే. అయితే ఖద్దరు ఉద్యమము రాట్నమును ముందుగా ఎవరి యింట పెట్టినదో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పేదయింట పెట్టినది. సూర్యఘర్ ఎవరి యింట అడుగిడుచున్నది? ఈ ప్రశ్నకు జవాబు యోజన నియమములలోనే యున్నది.

ఈ సొమ్ము అందుటకు ముందు నాలుగు తలుపులు దాటవలెను. మొదటిది, ఫలకముల బరువు మోయగల కప్పు. కిలోవాటునకు సుమారు నూరు చదరపుటడుగుల నీడలేని చోటు కావలెను. వెదురు తడికలు, తాటాకు కప్పు గల యింటికి ఈ తలుపు తెరువబడదు. రెండవది, ఆ యింటి పేర విద్యుత్తు మీటరు. మూడవది, చేతిలో రొక్కము. సబ్సిడీ ముందుగా రాదు. ఫలకములు అమరి, తనిఖీ ముగిసి, విద్యుత్తు పుట్టిన పిమ్మట బ్యాంకి ఖాతాలో పడును. తునికాకు కట్టలు కట్టి, ఇప్పపూవు ఏరి సంవత్సరము గడుపుకొను కుటుంబము ముందుగా ఏ పెట్టెనుండి తీసి కట్టవలెను? తాకట్టు లేని అప్పు గలదందురు. తాకట్టు అడుగకున్నను అప్పు తీర్పక తప్పదు. పోడుభూమివాడు దానిని దేనితో తీర్పవలెను?

నాలుగవ తలుపు అన్నిటికన్న విచిత్రమైనది. ఫలకముల వలన లాభము బిల్లు తగ్గుటలో నున్నది. హెచ్చు బిల్లు కట్టువానికే హెచ్చు లాభము. 2022 నాటి తెలంగాణ ధరల పట్టిక చూడుడు. నెలకు 200 యూనిట్లు దాటిన యింటికి ఆపై నూరింటికి యూనిటు 7 రూపాయల 70 పైసలు, 300 దాటిన పిమ్మట 9 రూపాయలు. ఫలకములు మొదట తుడిచిపెట్టునది ఈ ఖరీదైన యూనిట్లనే. చల్లని గదులలో నిదురించు గృహస్థునకు కొలది యేండ్లలో పెట్టుబడి తిరిగివచ్చును. ఆపై మిగిలినదంతయు లాభమే. గృహజ్యోతి క్రింద 2024 మార్చి మొదలుకొని 200 యూనిట్ల వరకు సున్న బిల్లు పొందు పేదవానికి ఫలకములు ఒక్క పైసయు మిగుల్పవు. ఎవడెంత హెచ్చుగా వాడునో వానికంత హెచ్చుగా ఫలించు సహాయమును పేదలపాలి వరమని పిలుచుట ఎట్లు?

"పేదవానికి విద్యుత్తు ఉచితముగనే వచ్చుచున్నది గదా, ఇక ఫిర్యాదేల?" అని కొందరనవచ్చును. ఇట్లనువారు వానకాలమున ఒక్క వారము అడవి పల్లెలో నిదురించి రావలెను. గాలివానకు చెట్టుకొమ్మ తీగపై పడిన, ఆ తీగ మరల కట్టువరకు పల్లె చీకటిలో నుండును. సున్న బిల్లు తేలుకాటును ఆపునా? పురిటి నొప్పులు పడు తల్లికి దీపమగునా? ఇంకొక సంగతి చాలమంది యెరుగరు. లైనుతో కలిపిన సాధారణ సౌర అమరిక, లైనులో విద్యుత్తు ఆగినయెడల తానును ఆగిపోవును. స్తంభముపై పనిచేయు లైన్‌మన్ ప్రాణరక్షణకై ఆ యేర్పాటు చేసిరి; అది సబబే. కాని చీకటిలో వెలుగు కావలెనన్న బ్యాటరీ కావలెను. సబ్సిడీ ఫలకముల కిలోవాట్లను లెక్కించునే గాని బ్యాటరీని లెక్కింపదు. లైను తెగని పట్టణమునకు సరిపడు కొలతతో లైను తెగు అడవిని కొలిచిరన్నమాట.

అడవివారికి వేరు యోజన గలదు, కాదనము. 2023 నవంబరులో ఆరంభమైన పీఎం జన్‌మన్ క్రింద, తీగ చేరని ఆదిమ తెగల యింటికి లైనుతో పనిలేని చిన్న సౌర అమరికను ఏర్పరచిరి. ఇంటికి 50,000 రూపాయలు పూర్తిగా సర్కారే భరించును. సంతోషము. కాని దాని శక్తి యెంత? 0.3 కిలోవాటు. పట్టణ గృహస్థునకు సహాయము మూడు కిలోవాట్ల వరకు నడచినది. కొండరెడ్డికి అందులో పదియవ వంతు కడ నిలిచినది. కొన్ని దీపములకు, ఒక పంకాకు సరిపోవును. పిండిమర తిరుగదు. అడవివాని ఆశయు పదియవ వంతే యుండవలెనని ఎవరు నిర్ణయించిరి?

అటవీచట్టము అడ్డమను సాకును చెల్లదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము మూడవ సెక్షనులోని రెండవ ఉపవిభాగము ప్రభుత్వము నడుపు విద్యుత్తు తీగలకును, సంప్రదాయేతర ఇంధన ఏర్పాటులకును గ్రామసభ సిఫారసుపై హెక్టారుకన్న తక్కువ అటవీభూమిని ఇయ్యవచ్చునని స్పష్టముగా చెప్పుచున్నది. పదునెనిమిదేండ్లకు పైబడి ఈ త్రోవ తెరచియున్నది. నడచువారు కావలెను.

ఈ ప్రాంతము బిచ్చమడుగుటలేదు; బాకీ అడుగుచున్నది. ఇల్లందులో 1889లో బొగ్గుత్రవ్వకము మొదలైనది. నాటినుండి ఈ నేల కడుపు చీల్చి తీసిన బొగ్గు దేశమంతట మండినది. పాల్వంచ చెంత కొత్తగూడెము థర్మల్ కేంద్రము, మణుగూరు చెంత 1,080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రము ఇచ్చటివే. వాని వెలుగు హైదరాబాదు వరకు పోవుచున్నది. బూడిద మాత్రము ఇచ్చటనే నిలుచుచున్నది. పొగ పీల్చినవానికి వెలుగులో మొదటి పాలు ఇయ్యకున్నను, కడపటి పాలైనను నిండుగా ఇయ్యవలదా?

చేయదలచిన చేయవచ్చుననుటకు సాక్ష్యము మన రాష్ట్రముననే కలదు. నాగర్‌కర్నూలు జిల్లాలోని కొండారెడ్డిపల్లిలో కేంద్ర సబ్సిడీకి ఒక ఫలకముల కంపెనీ విరాళము కూడి, 2025 నాటికి ఊరంతయు సౌరగ్రామమైనది. అది ముఖ్యమంత్రిగారి స్వగ్రామము. ఆ ఊరివారి వెలుగు చూచి మేము కన్నుకుట్టుకొనము. కాని కొండారెడ్డిపల్లికి దొరకిన దాత కొండరెడ్ల పల్లెకు ఏల దొరకడు? దాతల దయపై, నాయకుల పుట్టినూళ్లపై ఆధారపడు వెలుగు హక్కు కాదు, అదృష్టము. హక్కునకు నియమము కావలెను.

ఆ నియమము కష్టమైనది కాదు. రాష్ట్రప్రభుత్వము ఇందిరమ్మ ఇండ్ల పథకమును 2024 మార్చి 11న భద్రాచలముననే ఆరంభించినది. ఇంటికి 5 లక్షలు, కనీసము 400 చదరపుటడుగులు. తాటాకు పోయి స్లాబు వచ్చుచున్నదన్నమాట. మొదటి తలుపు తెరచుకొన్నది. ఆ స్లాబుపై ఇంటితోబాటే రెండు కిలోవాట్ల ఫలకములు నిలుపుడు. ప్రభుత్వపు లెక్కన అందులకు లక్ష రూపాయలు. 60,000 కేంద్ర సబ్సిడీ, మిగిలిన 40,000 రాష్ట్రము భరింపవలెను. పేదవాడు ముందుగా కట్టనక్కరలేకుండ విద్యుత్తు సంస్థయే తానై ఫలకములు పెట్టు విధానమునకు కేంద్ర యోజనలోనే అనుమతి గలదు. వరంగల్లు కేంద్రముగాగల ఉత్తర మండల విద్యుత్తు సంస్థ దానిని ముందుగా భద్రాద్రి జిల్లా అటవీ పల్లెలలో అమలుపరుపవలెను. తీగ తరచు తెగు పల్లెలలో బ్యాటరీ కూడ చేర్పవలెను. గిరిజన ఆశ్రమ పాఠశాలల కప్పులన్నియు ఈ పనికి తగినవే.

ధనమెక్కడిదందురా? సున్న బిల్లు నిమిత్తము రాష్ట్రము విద్యుత్తు సంస్థకు ప్రతినెల సొమ్ము చెల్లింపవలసియున్నది. ఒక్కమారు ఫలకము పెట్టిన ఆ భారము నెలనెల తగ్గును. పేదవాని కప్పుపై ఫలకము లాభము సర్కారుకే. ఈ లెక్క ఆర్థికశాఖ వారికి తెలియనిది కాదు.

నేలకొండపల్లి వాడగు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాద్రి రామునకు గుడి కట్టించి గోలకొండ చెరలో మ్రగ్గెనని మన పెద్దలు చెప్పుదురు. ప్రజల సొమ్ము ఎచ్చట వెచ్చింపబడెనో లెక్క అడుగుట ఈ గడ్డకు క్రొత్తగాదు. నేడు లెక్క అడుగవలసినవారు ప్రజలు. సూర్యఘర్ సబ్సిడీ ఏ మండలమున ఎన్ని యిండ్లకు ముట్టినదో, అందు గిరిజనుల యిండ్లెన్నో, అధికారులు మండలమువారీగా అచ్చువేసి ప్రతి పఠనమందిరపు గోడకు అంటింపవలెను. పాఠకులారా, మీ కప్పుపై ఫలకము పెట్టించుకొనుడు, వలదనము. పెట్టించుకొన్ననాడే కలెక్టరునకు ఒక జాబు వ్రాసి, అడవి యంచు ఇంటికి ఆ ఫలకము ఎన్నడు వచ్చునో అడుగుడు. జవాబు వచ్చువరకు అడుగుచునే యుండుడు.