కుటుంబ వేదిక – రాత్రి మూసిన గేటు



పిల్లలకు సెలవులు వచ్చినప్పుడల్లా మన సంఘాల్లో ఒక ప్రశ్న లేస్తుంది. విహారయాత్రకు పోవడం విశ్వాసికి తగునా? కూలినాలి చేసుకొనే కుటుంబాలకు అది అవసరమా? మార్కు సువార్త 6వ అధ్యాయం 31వ వచనం తీసి చూడండి. వచ్చేపోయే జనంతో శిష్యులకు అన్నం తినే తీరిక కూడా లేకపోయినప్పుడు, ప్రభువే వారిని జనం లేని చోటికి పిలిచి అలసట తీర్చుకోమన్నాడు. కాబట్టి అలసినవారికి విశ్రాంతి పాపం కాదు. అయితే ఆ విశ్రాంతి ఎలా తీసుకోవాలో మేము తప్పు చేసి నేర్చుకున్నాం. ఆ సంగతి దాచకుండా ఈ నెల మీతో చెప్పుకొంటున్నాం.

కొన్నేళ్ళ క్రితం దసరా సెలవుల్లో ఒక శనివారం తెల్లవారుజామున పెద్దకడుబూరు నుంచి బస్సు మాట్లాడుకొని నల్లమలకు బయలుదేరాం. యౌవనస్థులు, తల్లులు, పిల్లలు అందరూ ఉన్నారు. మన పడమటి పల్లెల సంగతి మీకు తెలియంది కాదు. పంట చేతికి రాకపోతే సుగ్గికి పోవలసిందే. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి పోయే మనవాళ్ళు ఏటా నంద్యాల, గిద్దలూరు మీదుగా ఈ కొండలనే దాటుతారు. కానీ గాజులపల్లె ఎప్పుడు దాటిందో, దిగువమెట్ట ఎప్పుడు వచ్చిందో తెలియకుండా మూటల మీద తల పెట్టుకొని నిద్రపోతారు.

బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఒక అక్క కిటికీలోంచి తల తిప్పకుండా అంది: “అయ్యా, ఇన్నేండ్లు నల్లమల దాటినామా, ఎప్పుడూ రాత్రిపూటే. పగలు చూడ్డం ఇదే మొదలు.” ఆ మాటతో మా మనసు కరిగింది. ఈ యాత్ర వృథా కాదనిపించింది.

నల్లమల కృష్ణానదికీ పెన్నానదికీ నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగిన కొండల వరుస. టేకు, నల్లమద్ది, ఏగిస, నారేపి, ఇప్ప, తునికి, వెదురు ఇక్కడ కలిసి పెరుగుతాయి. ఎండాకాలం ఆకు రాల్చి, వాన పడగానే మళ్ళీ చిగురిస్తాయి. పడమటి వైపు వాగులు కుందూలో కలుస్తాయి. తూర్పున గుండ్లకమ్మ ఈ కొండల్లోనే పుడుతుంది. ఈ చెట్లు వాననీటిని నిలబెట్టి భూమిలోకి దించుతాయి కాబట్టే కింది పల్లెల బావుల్లో నీరుంటుంది. అనాదిగా ఇక్కడి గూడేల్లో చెంచులు తేనె తీసుకొని, దుంపలు తవ్వుకొని జీవిస్తున్నారు. 1978లో ఈ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో పులుల సంరక్షణ పథకంలో చేర్చారు. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. అయినా మన వైపున్న నాగార్జునసాగర్ – శ్రీశైలం అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది.

ఇంత చెప్పుకొన్నాక మా తప్పు వినండి. ఆగకూడదని బోర్డు ఉన్నా మధ్యాహ్నం ఘాట్ రోడ్డు పక్కనే బస్సు ఆపి పులిహోర పొట్లాలు విప్పాం. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు అక్కడే వదిలేశాం. యౌవనస్థులు స్పీకరు పెద్దగా పెడితే, భక్తిపాటలే కదా అని ఊరుకున్నాం. శ్రీశైలం డ్యామ్ దగ్గర నీళ్ళు చూస్తూ పొద్దు మరిచాం. దోర్నాల వైపు గేటు దగ్గరికి వచ్చేసరికి రాత్రి 9 దాటింది. ఆ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది.

మేము దిగి బతిమాలాం. “రేపు ఆదివారం. ఆరాధన నడిపించవలసినవాళ్ళం. దేవుని పని మీద పోతున్నాం, వదలండి” అన్నాం. గేటు దగ్గరున్న పెద్దాయన కోపపడలేదు. “పగలంతా మీదే కదయ్యా. వాటికి మిగిలింది ఈ తొమ్మిది గంటలే” అన్నాడు. మాకు జవాబు తోచలేదు.

ఆ రాత్రి బస్సులోనే గడిపాం. పిల్లలు చలికి ముడుచుకొన్నారు. తెల్లవారి వెలుతురు రాగానే బైబిలు తెరిస్తే 104వ కీర్తన వచ్చింది. ఎన్నోసార్లు చదివిన కీర్తనే. కానీ 20 నుంచి 23 వరకు ఉన్న వచనాలు ఆ ఉదయం కొత్తగా కనబడ్డాయి. రాత్రి అడవి జంతువులు తిరిగే వేళ అనీ, సింహపు పిల్లలు తమ ఆహారం కోసం దేవుణ్ణే అడుగుతాయనీ, పొద్దు పొడిచాక అవి గుహలకు పోతే మనిషి తన పనికి బయలుదేరుతాడనీ కీర్తనకారుడు చెప్పాడు. అంటే రాత్రిని వాటికీ పగటిని మనకూ పంచింది దేవుడే! ఆయన పెట్టిన వేళలను తెరిపించడానికి ఆయన పేరే వాడుకొన్నాం. మా అందరికీ తల వంగింది.

గేటు తెరిచాక నిన్న తిన్న చోటికి వచ్చాం. కోతులు మా కవర్లను చింపుతున్నాయి. ఒక పిల్లకోతి ప్లాస్టిక్ ముక్కను నములుతోంది. బస్సు దిగి, గోనెసంచి నిండేదాకా అంతా ఏరుకొన్నాం. ఆ ఆదివారం ఊళ్ళో ఆరాధనకు అందుకోలేకపోయాం. సంఘపెద్దలు అడిగితే ఉన్నదున్నట్టు ఒప్పుకొన్నాం.

మన కంటికి ఆననిదానికి కూడా ఆ అడవిలో దేవుడు ఇల్లు కట్టాడు. మనకు దూరం కాని గుత్తిలో, రైల్వే కలప నిల్వచేసే చోట, నీలిరంగు సాలీడు ఒకటి దొరికింది. 1899లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. తర్వాత వందేళ్ళు అది ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో మళ్ళీ కనబడింది. కలపతోపాటే అది గుత్తికి చేరి ఉంటుందని అనుకొంటున్నారు. అది ముసలి చెట్ల తొర్రల్లో కాపురముంటుంది. పనికిరాదని మనం వంటచెరుకుకు కొట్టే తొర్ర చెట్టే దానికి ఇల్లు.

నిర్గమకాండం 23వ అధ్యాయంలో 10 నుంచి 12 వరకు ఉన్న వచనాలు ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. ఏడవ ఏట బీడు వదిలిన పొలంలో బీదలు తినగా మిగిలింది అడవి జంతువులకని దేవుడు చెప్పాడు. ఏడవ దినాన ఎద్దుకూ గాడిదకూ దాసి కుమారునికీ విశ్రాంతి ఇమ్మన్నాడు. సుగ్గికి పోయే అక్కకూ అడవిలోని మృగానికీ విశ్రాంతి నిర్ణయించిన దేవుడు ఒక్కడే. ఒకరి విశ్రాంతి మరొకరి విశ్రాంతిని దోచుకోకూడదు.

కనుక తల్లిదండ్రులారా, పిల్లలను తప్పక తీసుకొని వెళ్ళండి. ఆత్మకూరు దగ్గర బైర్లూటి, శ్రీశైలం దారిలో తుమ్మలబైలు వంటి చోట్ల అటవీశాఖవారే అడవి చూపిస్తారు. ముందుగా కనుక్కొని, అనుమతితో వెళ్ళండి. అన్నం విస్తరాకుల్లో, నీళ్ళు ఇంటి బిందెలో తీసుకొనిపోండి. ఏదీ అక్కడ వదలకండి. కోతులకు తినిపించకండి. ఎండాకాలం ఆ ఎండుటాకుల్లో ఒక్క బీడీ ముక్క చాలు, కొండ తగలబడడానికి. స్పీకరు కట్టేసి, పక్షుల స్తుతి కాసేపు వినండి. చీకటి పడకముందే గేటు దాటండి.

అంత దూరం పోలేనివారు తమ ఊరి కొండకో వంక గట్టుకో పిల్లలను నడిపించి, అక్కడే 104వ కీర్తన చదివించండి.

సృష్టికర్తయైన దేవుడు మీ కుటుంబాలకు విశ్రాంతిని, ఆయన చేతిపనుల పట్ల భయభక్తులను అనుగ్రహించును గాక. ఆమేన్.