ఉత్తరం పౌలుది, రాసిన చెయ్యి ఎవరిది?

మన పల్లెల్లో పౌలు పేరు వినని ఇల్లు లేదు. పిల్లలకు పెట్టుకున్నాం, చర్చి గోడల మీద రాసుకున్నాం. రోమీయులకు రాసిన పత్రిక ఎవరిదంటే సండేస్కూలు పిల్లవాడు కూడా పౌలుదని టక్కున చెప్తాడు. మరి రాసిన చెయ్యి ఎవరిది? పౌలు చెప్తుంటే తెర్తియు అనే అతను కూచుని రాశాడు. ఇది ఏ పండితుడో తవ్వి తీసిన రహస్యం కాదు. అదే పత్రిక 16వ అధ్యాయంలో తెర్తియు తన పేరు తనే చెప్పుకుని, రోములో ఉన్నవాళ్లకు తన తరఫున కూడా వందనం చెప్పాడు. దాదాపు ఏడు వేల గ్రీకు మాటల ఉత్తరం. అంత పొడుగూ రాసినవాడు తన కోసం వాడుకున్నది ఒక్క వాక్యం.

క్రైస్తవం పుచ్చుకోని మన అన్నదమ్ములు ఇది మాకెందుకులే అనుకోవద్దు. ఒక ఉద్యమం ఎవరి రెక్కల మీద నడిచింది, చరిత్ర ఎవరి పేరున రాశారు అన్నదే ఇక్కడ సంగతి.

పాస్టర్లు ఆ 16వ అధ్యాయం జోలికి సామాన్యంగా పోరు. అందులో ప్రసంగానికి పనికొచ్చే సిద్ధాంతం లేదు, నోరు తిరగని పేర్ల వరస ఉంది అంతే. రోజూ బడిలో హాజరు పిలిచే మాకు మాత్రం ఆ పత్రికలో ముందు చదవాల్సింది అదే అనిపిస్తుంది. హాజరుపట్టీలో పేరు లేని పిల్లవాడు బడిలో కూచున్నా లేనట్టే లెక్క. పౌలు పేరుపేరునా వందనం చెప్పినవాళ్లు ఇరవైనలుగురు. ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు, రూఫు తల్లి, నేరియ తోబుట్టువు. పాపం, వాళ్లు ఆ పట్టీలో కూడా ఒకరి తల్లిగా, ఒకరి తోబుట్టువుగానే మిగిలిపోయారు.

ఆ పేర్లు ఎట్లాంటివో చూడండి. తెర్తియు అంటే లాటిన్ భాషలో మూడోవాడు. ఆ పక్కనే క్వర్తు అని ఇంకొకడున్నాడు, అంటే నాలుగోవాడు. పెర్సిసు అంటే పర్షియా ఆడమనిషి. అంప్లీయతు, ఊర్బాను లాంటి పేర్లు రోము నగరపు సమాధిరాళ్ల మీద బానిసల పేర్లుగా కనబడతాయి. నార్కిస్సు ఇంటివాళ్లు, అరిస్టొబూలు ఇంటివాళ్లు అని రాశాడే, వాళ్లు ఆ దొరల ఇళ్లలో ఊడిగం చేసే బానిసలు, విడుదలైన బానిసలు. పశువులకు వేసినట్టు వరస నంబరు వేసి, కొనుక్కొచ్చిన దేశం పేరు పెట్టి పిలిచే లోకం అది. కులం పేరుకు ‘ఓడు’ తగిలించి పిలిపించుకున్న మనకు ఇది ఒకరు వివరించి చెప్పాలా? అట్లాంటి మనుషుల్ని ఒక్కొక్కరినే పేరు పెట్టి, నా ప్రియుడు, నా జతపనివాడు అని ఉత్తరంలో రాయడం క్రీ.శ. 57 ప్రాంతంలో చిన్న సంగతి కాదు.

ఇంకోటి. ఒళ్లు అలిసేట్టు కష్టం చెయ్యడానికి గ్రీకులో ఒక మాట ఉంది. తన కష్టం గురించి చెప్పేటప్పుడు పౌలు ఆ మాటే వాడతాడు. ఈ పట్టీలో ఆ మాట నలుగురికే దక్కింది: మరియ, త్రుపైనా, త్రుఫోసా, పెర్సిసు. నలుగురూ ఆడవాళ్లే. మగవాళ్లలో ఒక్కరికీ ఆ మాట వాడలేదు.

సరే, ఉత్తరం రాయడం అయింది. కొరింథు నుంచి రోముకు ఎట్లా పోవాలి? ఆనాడు సర్కారు టపా సర్కారు పనికే. మామూలు మనుషులు ఆ దారిన పోయేవాళ్ల చేతికి ఇచ్చి పంపుకోవాల్సిందే. కొరింథు పక్క రేవు కెంక్రేయ. ఆ ఊరి సంఘంలో పనిచేసే ఫీబే అనే ఆమె రోముకు బయల్దేరింది. ఆమెను చేర్చుకోండి, ఏ పనిలో అవసరమైనా సాయపడండి అని పౌలు సిఫారసు రాశాడు. ఉత్తరం పట్టుకుపోయింది ఆమే అని పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. ఓడ మీదా కాలినడకనా వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. ఆమె మూట సముద్రంలో పడిపోయి ఉంటే నేడు రోమా పత్రికా లేదు, దాని మీద మన పాస్టర్ల ప్రసంగాలూ లేవు.

తెలుగు బైబిల్లో ఫీబేను పరిచారకురాలు అన్నారు. ఆ మాట వినగానే మనవాళ్లకు ఏం తడుతుంది? చాపలు పరిచి, గిన్నెలు కడిగే మనిషి. గ్రీకులో ఉన్నది దియాకొనొస్. పౌలు తన్ను తాను చెప్పుకోవడానికి వాడిన మాట కూడా అదే. ఆ వెంటనే ఆమెకు ఇంకో మాట కూడా వాడాడు. దానర్థం పదిమందికి అండగా నిలబడి, ఖర్చుకు ఆదుకునే మనిషి. అంటే పౌలే ఆమె అండన బతికాడు. తెలుగులోకి వచ్చేసరికి అది ‘సహాయురాలు’ అయింది.

యూనీయ గతి ఇంకా ఘోరం. ఆమె పౌలుతోపాటు జైలుకెళ్లింది, అపొస్తలులలో పేరెన్నికగన్నది. 4వ శతాబ్దపు క్రిసోస్తొము అనే బిషప్పు ఆమెను ఆడమనిషిగానే మెచ్చుకున్నాడు. తర్వాత్తర్వాత పండితులు అపొస్తలుల్లో ఆడదేమిటి అని ఆ పేరుకు మగతోక తగిలించి మగవాణ్ణి చేసేశారు. 20వ శతాబ్దంలో అచ్చయిన పేరున్న ఇంగ్లీషు బైబిళ్లలోనూ ఆమె మగవాడే. 1989లో వచ్చిన కొత్త ఇంగ్లీషు అనువాదంలో మళ్లీ ఆడమనిషి అయింది. పేరు తుడవడం చాతగాకపోతే మనిషినే మార్చేస్తారన్నమాట.

యెరూషలేములో రొదే అని ఒక పనిపిల్ల. పేతురు జైలు నుంచి తప్పించుకొచ్చి రాత్రిపూట తలుపు కొడితే, గొంతు గుర్తుపట్టింది ఆ పిల్ల. లోపలికి పరుగెత్తి చెప్తే, ప్రార్థనలో ఉన్న పెద్దలు నీకు పిచ్చా అన్నారు. పనిపిల్ల మాటకు అంతే విలువ.

ఒనేసిము సంగతికొచ్చేసరికి మాకు పౌలుతోనే పేచీ ఉంది. ఒనేసిము అంటే పనికొచ్చేవాడు, అది బానిస పేరే. అతను జైల్లో ఉన్న పౌలుకు చేదోడువాదోడుగా ఉన్నాడు. పౌలు అతన్ని యజమాని ఫిలేమోను దగ్గరికే తిప్పి పంపించాడు. చేతికి ఒక ఉత్తరం ఇచ్చాడు. బానిసగా కాక తమ్ముడిగా చూడు, వాడేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో అని. మంచి ఉత్తరమే, కాదనం. కానీ వాణ్ణి విడిచిపెట్టు అన్న మాట సూటిగా ఎందుకు రాయలేదు? ఆ ఒక్క మాట లేకపోబట్టే, పద్ధెనిమిది వందల ఏళ్ల తర్వాత అమెరికా బానిస యజమానులు ఇదే ఉత్తరం చూపించి, పారిపోయిన బానిసను తిప్పి పంపాలని వాదించారు. 1830లలో జార్జియాలో ఒక తెల్ల పాస్టరు ఈ ఉత్తరం మీదే బానిసలకు ప్రసంగం చేసి, పారిపోవడం పాపం అని చెప్పబోయాడు. వింటున్నవాళ్లలో సగంమంది లేచి వెళ్లిపోయారు. ఆ సంగతి ఆ పాస్టరే రాసుకున్నాడు. ఒనేసిముకు అసలైన వారసులు లేచిపోయిన ఆ సగంమందే.

క్రీ.శ. 112 ప్రాంతంలో, ఇప్పటి టర్కీలో నల్లసముద్రం ఒడ్డునున్న రాష్ట్రానికి ప్లినీ అనేవాడు గవర్నరు. ఈ క్రైస్తవులు చాటుగా ఏం చేస్తున్నారో తెలుసుకోవాలని ఇద్దరు బానిస స్త్రీలను పట్టుకుని చిత్రహింసలు పెట్టించాడు. వాళ్లను తమ సంఘంలో పరిచారకురాళ్లు అంటారట. మూఢనమ్మకం తప్ప ఇంకేం దొరకలేదని చక్రవర్తి ట్రాజనుకు రిపోర్టు రాశాడు. ఆ రిపోర్టు నేటికీ ఉంది. గవర్నరు పేరుంది, చక్రవర్తి పేరుంది. దెబ్బలు తిన్న ఆ ఇద్దరి పేర్లు రాయాలని అతనికి తోచలేదు.

అంత దూరం ఎందుకు, మన ఒంగోలు చూద్దాం. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అయింది. క్లౌ దొర ఇచ్చాడని జనం చెప్పుకుంటారు. ఆ రోజు ఏట్లో దిగింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని పొద్దంతా వాళ్లే ఇచ్చారు. దొర ఆ రోజు ఒక్కరికీ ఇవ్వలేదు. అంతకు పన్నెండేళ్ల ముందు, 1866లో, క్లౌ ఒంగోలులో కాపురం పెట్టకముందే ఆ చుట్టుపక్కల మాదిగపల్లెల్లో బోధ చేస్తూ తిరిగినవాడు యర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. భార్య నాగమ్మ కూడా ఆ పనిలో ఉంది. దొర పేరున ఆసుపత్రి కట్టారు. పేరయ్య, నాగమ్మల పేర్లు ఒంగోలు పిల్లల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

ఇక మన సంఘాల కరపత్రాలు, ఫ్లెక్సీలు తీసి చూడండి. వేదిక మీద కూచున్నవాళ్ల పేర్లు హోదాలతో సహా ఉంటాయి. రెండొందల మందికి అన్నం వండిన అమ్మల పేర్లుండవు. రాత్రంతా గోడలకు పోస్టర్లంటించిన కుర్రాళ్ల పేర్లుండవు. కేసు పెడితే పోలీసులు ముందు పట్టుకుపోయేది ఆ కుర్రాళ్లనే. అప్పుడు ఎఫ్.ఐ.ఆర్‌లో మాత్రం ఒక్క పేరూ వదలరు, తండ్రి పేరుతో, కులంతో సహా రాస్తారు. మన కరపత్రం ఆ మాత్రం పని కూడా చెయ్యలేదా? స్థలం చాలదు అంటారు. పౌలు ఉత్తరంలో కాగితం ఇంకా ఖరీదు, అయినా ఒక అధ్యాయం వాళ్లకే ఇచ్చాడు.

అందుకని ఈ పత్రికకు సభల రిపోర్టులు రాసి పంపే కార్యకర్తలకు ఒక మాట. వక్తల పేర్లు నాలుగు తగ్గినా ఫర్వాలేదు. వంట చేసినవాళ్లు, ఇల్లిచ్చినవాళ్లు, మైకు మోసినవాళ్లు, ఊరూరా సైకిలు మీద కబురు చేరవేసినవాళ్లు ఎవరెవరో వాళ్లనే అడిగి రాసుకోండి. ఫలానా వాళ్ల భార్య, ఫలానా వాళ్ల అమ్మ అని రాయొద్దు. ఇంటిపేరు, పేరు, ఊరు మూడూ ఉండాలి.