శ్రమకు వేతనము, చదువునకు సమయము: నల్లగొండ, పాలమూరు పరిశోధక విద్యార్థుల ప్రణాళిక

నల్లగొండ, పాలమూరు సీమల విశ్వవిద్యాలయములందు స్నాతకోత్తర విద్య నభ్యసించుచు, పరిశోధన సాగించుచున్న మేము, మా చదువునకు ఆధారమైన ధనమును గురించియు, ఆ ధనము లభింపనందున మేము చేయుచున్న పనులను గురించియు, ఇంతకాలము ఎవరికి వారము మనసులో దాచుకొనిన మాటలను, నేడు సమష్టిగా నాలోచించి ప్రకటించుచున్నాము. ఇందలి సారమొక్కటియే: పరిశోధన శ్రమయే గనుక దానికి వేతనము సకాలమున ముట్టవలెను, పూట గడచుటకై విద్యార్థి చేయు పని చదువును పోషించునది కావలెను గాని దానిని హరించునది కారాదు.

2007లో నల్లగొండయందు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమును, 2008లో మహబూబ్‌నగరునందు పాలమూరు విశ్వవిద్యాలయమును వెలయుటకు పూర్వము, ఉస్మానియా విశ్వవిద్యాలయపు పి.జి. కేంద్రములే ఇచటి ఉన్నతవిద్యకు దిక్కై యుండెను. విశ్వవిద్యాలయము ఇంటిచెంతకు వచ్చినందున, దేవరకొండ తండాలనుండియు, అచ్చంపేట, కొల్లాపురము, మక్తలు పల్లెలనుండియు, తమ వంశమున కాలేజీ మెట్టెక్కిన మొదటివారు ఎం.ఏ., ఎం.ఎస్సీ. తరగతులలో ప్రవేశించిరి. వీరి తల్లిదండ్రులలో పెక్కురు, పాలమూరు లేబరని దేశమంతట పేరుపడి, మేస్త్రీ యిచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి బొంబాయి, పూనాలలో మట్టిపని చేసినవారు. మగ్గము విడిచి భివండికి తరలిన నేతవారు. బోరెండిన చేలో పత్తిని నమ్ముకొన్నవారు. ఇట్టి యిండ్లనుండి వచ్చిన బిడ్డలు ఖర్చులకు పంపుమని ఇంటి కడుగజాలరు. సరికదా, తామే ఇంటికి పంపవలసిన వయస్సు వారిది.

నెట్ పరీక్షయందు నెగ్గి యు.జి.సి. (విశ్వవిద్యాలయ నిధుల సంఘము) వారి జె.ఆర్.ఎఫ్. (జూనియర్ రీసెర్చి ఫెలోషిప్పు) సాధించినవారికి 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయలును, రెండేండ్ల పిమ్మట ఎస్.ఆర్.ఎఫ్. (సీనియర్ రీసెర్చి ఫెలోషిప్పు) దశలో 42,000 రూపాయలును నిర్ణయింపబడినవి. అది సాధింపలేనివారికి సైతము కేంద్రీయ విశ్వవిద్యాలయములలో నెలకు 8,000 రూపాయల నాన్-నెట్ ఫెలోషిప్పు కలదు. రాష్ట్ర విశ్వవిద్యాలయములకు ఆ పథకము వర్తింపదు. ఒకే విషయముపై, ఒకే సంవత్సరమున, ఒకరు గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలోను, మరొకరు నల్లగొండలోను పరిశోధనకు నమోదైనచో, మొదటివారికి ఆ కొద్దిపాటి ఆధారమైనను కలదు, రెండవవారికి అదియు లేదు. అందుచే నీ రెండవవారు ఉదయము ప్రయివేటు జూనియర్ కాలేజీలో పీరియడ్లు చెప్పి, సాయంత్రము ట్యూషన్లకు పరుగెత్తి, రాత్రి బండిమీద ఫుడ్ డెలివరీ చేసి, లేదా గెస్ట్ లెక్చరరుగా పీరియడు లెక్కన రావలసిన జీతమునకై నెలల తరబడి యెదురుచూచి, గైడుకు చూపవలసిన అధ్యాయమును ఆదివారమునకు, ఆ యాదివారమును వేసవి సెలవులకు వాయిదా వేయుచుందురు. ఇది బుద్ధిమాంద్యము కాదు, సోమరితనము కాదు. కాలమును అమ్ముకొనక తప్పని స్థితి.

విద్యార్థిని పోషించుట సమాజధర్మమను భావన మాకు క్రొత్తది కాదు. వారములు చేసికొని, ఇంటి కొక దినమున భోజనము చేయుచు చదువుకొన్నవారి పరంపర ఈ నేలకు తెలిసినదే. కాని ఆ యాదరము అందరి బిడ్డలకును దొరకలేదు. వనపర్తి సంస్థానమున జన్మించిన రాజబహదూర్ వెంకటరామారెడ్డి 1918లో హైదరాబాదునందు నెలకొల్పిన రెడ్డి హాస్టలు, పల్లెబిడ్డలకు రాజధానిలో గూడును కూడును కల్పించెను.  1913లో బరోడా మహారాజు మూడేండ్లకు మంజూరు చేసిన నెలకు 11.5 పౌనుల విద్యార్థివేతనముతో అంబేద్కరు కొలంబియా విశ్వవిద్యాలయమున చేరెను. 1944-45లో షెడ్యూల్డు కులముల విద్యార్థులకై పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు లారంభమయ్యెను. మొదట దాతల దయగా, పిదప కులముల స్వయంకృషిగా నున్న యీ భారము క్రమముగా ప్రజాప్రభుత్వపు బాధ్యతగా మారినది. ఆ మార్పు పరిశోధక విద్యార్థి గడపదాక వచ్చి ఆగిపోయినది. దానిని గడప దాటించుటయే మా లక్ష్యము.

ఇందువలన ప్రజలకేమి లాభమని యడుగువారికి మా నీరే సమాధానము. ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగిన తరములను చూచిన నల్లగొండ జిల్లాపేరు, పటికయు సున్నమును కలిపి నీటిని శుద్ధిచేయు ‘నల్లగొండ పద్ధతి’ రూపమున శాస్త్రగ్రంథములలో నిలిచినది. దానిని రూపొందించినది నాగపురమునందలి నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన) సంస్థ. ఆ శాస్త్రజ్ఞులకు మేము కృతజ్ఞులము. అయినను, మా నీటిని, మా వలసలను, మా మగ్గములను గురించిన ప్రశ్నలకు ఇచటి బిడ్డలే ఇచటనే యుండి సమాధానములు వెదకగల కాలము రావలెనని కోరుచున్నాము.

కావున మేమీ క్రింది సూత్రముల నంగీకరించుచున్నాము.

1. రాష్ట్ర విశ్వవిద్యాలయములలో పూర్తికాలము పరిశోధన చేయుచు, వేరొక ఫెలోషిప్పు లేని ప్రతివారికిని రాష్ట్రప్రభుత్వము నెలసరి భృతి నీయవలెను. కేంద్రీయ విశ్వవిద్యాలయములలోని 8,000 రూపాయలు దీనికి కనీసపు మెట్టుగా నుండవలెనే గాని పరమావధి కారాదు.

2. భృతి ప్రతి నెల మొదటివారమున ముట్టవలెను. ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని సర్టిఫికెట్ల నాపుటయు, మెస్ బకాయి పేర హాల్ టికెట్టు నిలుపుటయు, అప్పు ప్రభుత్వముది కాగా శిక్ష విద్యార్థికి విధించుటయే యగును.

3. పార్ట్‌టైం పని విశ్వవిద్యాలయపు ఆవరణలోనే కల్పింపబడవలెను. గ్రంథాలయ నిర్వహణము, ప్రయోగశాల, నేలలయు నీళ్లయు పరీక్షలు, పాతపత్రముల స్కానింగు, డిగ్రీ విద్యార్థులకు బోధన మొదలగునవి చదువునకు దోహదము చేయు పనులు.

4. ఆ పనికి వారమునకు 20 గంటలు హద్దుగా నుండవలెను. అమెరికాలో విదేశీ విద్యార్థి తరగతులు జరుగు కాలమున విశ్వవిద్యాలయపు ఆవరణలో వారమునకు 20 గంటలకు మించి పనిచేయరాదు. ఆస్ట్రేలియాలో తరగతులు జరుగు కాలమున సామాన్యముగా రెండు వారములకు 48 గంటలు హద్దు. ఆ దేశములకు తరలుచున్న మా సోదరసోదరీమణులు చేను తాకట్టుపెట్టి అప్పుచేయుటకు మున్నే, అసిస్టెంట్‌షిప్పు నిశ్చయమైనదా లేదా యని విచారించుకొందురు గాక. హద్దు దాటిన పనిని నమ్ముకొని అప్పు తీర్చవచ్చునను మాట నెవ్వరును వారికి చెప్పకుందురు గాక.

5. పరీక్షలకు ఇన్విజిలేషను, పేపర్లు దిద్దుట, పాఠములు చెప్పుట మున్నగు ప్రతి పనికిని వ్రాతపూర్వకమైన ఉత్తరువును, ముందుగా ప్రకటించిన వేతనమును ఉండవలెను. గురుభక్తి పేర ఇంటిచాకిరి చేయించుకొనుట గురుత్వమునకే లోపము.

6. యు.జి.సి. నిబంధనలు పరిశోధక స్త్రీలకు 240 దినములవరకు ప్రసూతి సెలవు నంగీకరించినవి. భృతి లేనివారికి ఆ సెలవు పేరునకే సెలవు. భృతితో కూడిన సెలవును, చీకటిపడిన పిదప పని ముగించువారికి హాస్టలు వరకు బస్సును వారి హక్కులుగా మేము భావించుచున్నాము.

7. ఫెలోషిప్పుల ప్రకటనలు, అర్హతలు, గడువులు తెలుగులో నోటీసుబోర్డున కానరావలెను. నెట్ పరీక్షకు ఉచితశిక్షణ నీయవలెను. సమాచారము తెలియక గడువు దాటుట మా సీమలో పేదరికమంత పెద్ద నష్టము.

హక్కుల నడుగువారము బాధ్యతల నంగీకరింపకుండ నుండలేము. భృతి గైకొన్నవారము థీసిస్ కొనుట గాని, ఒకరి వ్రాతను మరొకరు కాజేయుట గాని చేయము. మా పరిశోధనఫలితములను ఏ పల్లెను గురించి వ్రాసితిమో ఆ పల్లె పంచాయతీ యెదుట తెలుగున వినిపింతుము. మాలో జె.ఆర్.ఎఫ్. పొందినవారు నెలకొకనాటి భృతిని, ఉద్యోగములలో చేరినవారు నెలకొకనాటి జీతమును ఉమ్మడినిధికిత్తురు. ఆ నిధి మెస్ బిల్లు కట్టలేక చదువు మానబోవు తోటివారికి, కులమత వివక్ష లేక, వడ్డీ లేని అప్పుగా నుపయోగపడును. దాని జమాఖర్చులు ప్రతినెల అందరియెదుట చదువబడును.

ఈ ప్రణాళికను ఉభయ విశ్వవిద్యాలయముల ఉపకులపతులకును, ఈ సీమ శాసనసభ్యులకును మేమే స్వయముగా నందజేయుదుము. వారు సమ్మతించిన యంశములకు గడువు నడుగుదుము. నిరాకరించిన యంశములకు కారణము నడుగుదుము. రాష్ట్ర విశ్వవిద్యాలయములలోని చిట్టచివరి పరిశోధకునకు భృతి ముట్టువరకు, మాలో ముందుగా ముట్టినవారు సైతము ఈ ప్రయత్నమునుండి విరమింపరని ప్రతిజ్ఞ చేయుచున్నాము.