తడబడే సాక్షి అబద్ధాలకోరు కాదు
2007 సెప్టెంబరు 9, ఆదివారం. హైదరాబాద్ పంజాగుట్టలో కడుతున్న ఫ్లైఓవర్ కొంత భాగం కూలింది. గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లు 42 మందిని పొట్టన పెట్టుకుని అప్పటికి పదిహేను రోజులే. పన్నెండేళ్లకు, 2019 సెప్టెంబరులో, అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద వానకు తలదాచుకున్న యువతి మీద పెచ్చు ఊడిపడి ప్రాణం తీసింది. అలాంటివి కళ్లారా చూసినవాళ్లకు ఆ చప్పుడు చెవుల్లోనే ఉండిపోతుంది; ముందేం జరిగింది, వెనకేం జరిగింది అంటే మాత్రం తడబడతారు. భయం ముంచెత్తిన క్షణాన ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది, మెదడులోని అమిగ్డలా ఆ ఒక్క దృశ్యాన్నే గట్టిగా అచ్చువేయిస్తుంది, చుట్టూ ఉన్నవి జారిపోతాయి. 2001 సెప్టెంబరు 11 దాడుల మర్నాడే టలారికో, రూబిన్ అనే మనస్తత్వ పరిశోధకులు అమెరికాలో విద్యార్థుల జ్ఞాపకాలు రాయించుకున్నారు. వారాలు, నెలలు గడిచాక మళ్లీ అడిగితే వివరాలు మామూలు జ్ఞాపకాల్లాగే మారాయి. తమకు బాగా గుర్తుందన్న నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. కాబట్టి వివరం అటూ ఇటూ అయిందని సాక్షిని అబద్ధాలకోరు అనడం అన్యాయం. రోజూ ఆ వంతెన కిందనుంచే ఆఫీసుకు పోవాల్సిన మనిషిని "ఇంకా మర్చిపోలేదా" అని గద్దించడం అంతకన్నా అన్యాయం. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే పదేపదే చెప్పించకండి, వాళ్లంతట వాళ్లు చెప్పినప్పుడు వినండి. నిద్ర పట్టడం లేదంటే తోడు వెళ్లండి: అమీర్‌పేట నుంచి మెట్రోలో మూడో స్టేషన్ ఎర్రగడ్డ, ప్రభుత్వ మానసిక ఆసుపత్రి అక్కడే ఉంది.