కుట్టేది మనం, డిజైనర్లు వాళ్ళా?

మదనపల్లెలో ఏ వీధిలోకి పోయినా ఒక బోర్డు కనపడతాది. 'ఫ్యాషన్ డిజైనింగ్ నేర్పబడును. మూడు నెలల కోర్సు.' పుంగనూరులోనూ ఇదే బోర్డు, కుప్పంలోనూ ఇదే బోర్డు. లోపలికి పోయి చూడండి. జాకెట్టు కత్తిరింపు, చుడీదారు కుట్టు, మగ్గం వర్కు, ఫాల్సు, పీకో. ఇది చిన్న పని అని మేం అనడం లేదు. ఈ పని మీదనే ఎన్నో ఇండ్లల్లో పొయ్యి వెలుగుతా ఉండాది. అయితే దీన్ని డిజైనింగ్ అని ఎందుకు పిలుస్తా ఉండారు? పిలిచి, మన ఆడబిడ్డల చేతికి ఒక కుట్టుమిషను పెట్టి, ఫోటో దిగి, 'మీకు ఫ్యాషన్ నేర్పించినాం పోండి' అనే సర్కారు, అసలు ఫ్యాషన్ డిజైనర్ అంటే ఎవరో చెప్పదేం?

మనమే చెప్పుకుందాం. డిజైనర్ అంటే నిర్ణయించేవాడు. మనిషి ఒంటి మీద ఏం ఉండాల, ఎంత పొడుగుండాల, ఏ రంగుండాల, దాని ధరెంత అని నిర్ణయించి, చివరాఖర్న తన పేరు దాని మీద వేసుకునేవాడు. సూదీ దారం పట్టుకునేది వేరే చేతులు.

ఈ లెక్కన చూస్తే ఈ దేశంలో అందరికంటే పేరుమోసిన డిజైనర్ మనువు. నవ్వకండి. ఆయన స్మృతి పదో అధ్యాయం తీసి చదవండి. చండాలుడు శవాల మీది గుడ్డలు కట్టుకోవాలంట, పగిలిన చట్టిలో తినాలంట, ఇనుప నగలు పెట్టుకోవాలంట. గుడ్డ ఏదో, నగ ఏదో, గిన్నె ఏదో, మొత్తం సెట్టు తయారుచేసి ఇచ్చినాడు. ఆ డిజైను ఊరూరా అమలైంది. పంచె మోకాలు దిగకూడదు, పైగుడ్డ భుజాన వేసుకోకూడదు, ఊరి నడివీధిలో చెప్పులు చేతిలో పట్టుకుని నడవాల. మా పెద్దోళ్ళు ఇంకొకటి చెప్పేవాళ్ళు. టైలరు దగ్గరికి పోతే ఒంటికి టేపు పెట్టడు. పాత చొక్కా ఒకటి ఆడ పెట్టి పో అంటాడు. కొలత తియ్యాలంటే ముట్టుకోవాల గదా! డిజైను మొదలయ్యేది కొలతతో. కొలతకే పనికిరాని ఒళ్ళు మనది.

అందుకే బట్ట కోసం మనవాళ్ళు చేసిన కొట్లాటలు సోకు కోసం చేసినవి కావు. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్ళు రొమ్ము మీద గుడ్డ వేసుకునే హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడితే, 1859లో రాజుగారు ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూ కూడా, పైకులం ఆడవాళ్ళలాగా మాత్రం కట్టకూడదని మెలిక పెట్టినారు. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేద్కర్ మన ఆడవాళ్ళతో ఏం మాట్లాడినారు? చీర కట్టు మార్చండి, కులాన్ని చాటే ఆ బరువు నగలు తీసి పారెయ్యండి అన్నారు. చాలామంది అక్కడికక్కడే కట్టు మార్చినారు. చీరె అదే, మడత మారింది, మనిషి నడక మారింది. ఫ్యాషన్ డిజైనింగ్ అంటే ఇది. మూడు నెలల కోర్సు కాదు.

'పేదల నాయకుడికి కోటెందుకు, బూటెందుకు?' అని ఇప్పటికీ అడిగేవాళ్ళు ఉండారు. గాంధీ 1921 సెప్టెంబరులో మధురలో చొక్కా విప్పి కొల్లాయి కట్టినాడు, మహాత్ముడైనాడు. విప్పడానికి ఉన్నోడు విప్పినాడు. మనకు విప్పడానికేముంది? మన పల్లెలో నిలబడిన విగ్రహానికి నీలం కోటు అందుకే.

మదనపల్లె వాళ్ళు తమ ఊరు గురించి గొప్పగా చెప్పుకునేది అనిబిసెంటు పేరున్న కాలేజీ. 1915లో పెట్టినారు. టాగూరు 1919లో ఆ కాలేజీకి వచ్చి జనగణమనను ఇంగ్లీషు చేసినాడని పిల్లోళ్ళకు చెప్తారు. ఈ బిసెంటమ్మే 1909లో 'ఇండియన్ రివ్యూ'లో ఏం రాసిందో ఎవరూ చెప్పరు. అణగారిన కులాల పిల్లోళ్ళ ఒళ్ళు తరతరాల తిండీ బతుకూ వల్ల కంపు కొడతాదంట, ఇంకా కొన్ని తరాలు శుద్ధమైతే గాని పైకులాల పిల్లోళ్ళ పక్కన కూర్చోబెట్టడం కుదరదంట. ఈ మాటల్ని కాంగ్రెస్, గాంధీల మీద 1945లో రాసిన పుస్తకంలో అంబేద్కర్ బయట పెట్టినారు. ముందు ఒళ్ళు కంపన్నారు, తర్వాత బట్ట ముతకన్నారు, ఇప్పుడు 'టేస్ట్ లేదు' అంటా ఉండారు. మాట మారిందే గాని మనిషిని దూరం పెట్టే పని మారలేదు.

మనకు టేస్టు లేదా? కిర్రుచెప్పులు ఎవరి డిజైను? దొర వీధిలో నడుస్తా ఉంటే ముందుగానే జనానికి తెలియాలని, తోలు మీద తోలు రాసుకుని కిర్రుమనేటట్టు కుట్టినోడు మాదిగోడు. ఆ చప్పుడు వినపడగానే లేచి నిలబడాల్సినోడూ వాడే. కపిల బాన కింద తోలు తొండం చూసినోళ్ళు ఇంకా బతికే ఉండారు. బావిలో మడిచి ముంచితే నీళ్ళు పట్టుకోవాల, గట్టు మీదికి రాగానే తానే విప్పుకుని కాలవలో పోయాల. లెక్క తప్పితే ఎద్దు అలిసిపోతాది, మడి ఎండిపోతాది. తోలు మందమెంత, తంగేడు చెక్కలో ఎన్నాళ్ళు నానాల, ఇదంతా ఏ కాలేజీలో నేర్చినారు? మాలలు ముతక నూలు బట్ట నేసేవాళ్ళని థర్‌స్టన్ 1909లో అచ్చేసిన కులాల పుస్తకంలోనే ఉండాది. రాయలసీమ కష్టజీవి ఒళ్ళు కప్పింది ఆ బట్ట. దాన్ని మిల్లు గుడ్డ తినేసింది. మగ్గం పోయినాక కూలికి పోయినారు.

పుంగనూరు పేరు ఢిల్లీ దాకా పోయింది, ఎట్లా? పొట్టి ఆవుతో. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత పెట్టిన ఫోటోలు దేశమంతా చూసింది. ఆ జాతిని కాపాడేదానికి పలమనేరులో పరిశోధనా కేంద్రం ఉండాది. మంచిదే, ఆవు మీద మాకేం కోపం లేదు. అదే ఆవు చచ్చినాక తోలు ఒలిచి, ఊనించి, చెప్పు కుట్టినోని విద్యకు మాత్రం పేరూ లేదు, కేంద్రమూ లేదు.

పేరు లేకపోతే ఏమవుతాదో కొల్హాపురి చెప్పుల కథ చెప్తాది. 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్‌లో ప్రాడా కంపెనీ ఒక షో చేసింది. మోడళ్ళ కాళ్ళకు అచ్చం కొల్హాపురి చెప్పులే. ఏ దేశానివో ఎవరివో ఒక్క ముక్క చెప్పలేదు. తరతరాలుగా వాటిని కుట్టేది చర్మకారులు. ఆ చెప్పులకు 2019లోనే జీఐ గుర్తింపు ఉండాది కాబట్టి, గోల లేచింది కాబట్టి, కంపెనీ దిగొచ్చి ఒప్పుకుంది. డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక తోలు కార్పొరేషన్లతో ఒప్పందం చేసుకుని, 2000 జతలు ఇక్కడే చేయిస్తామని ప్రకటించింది. జత ధర సుమారు 800 యూరోలు! సంతలో కొల్హాపురి జతకు దొరికేది వందల రూపాయలు. చెయ్యి అదే, తోలు అదే. మారింది పేరే. గోల చెయ్యకపోతే ఆ మాత్రం కూడా రాదని మనం గుర్తుపెట్టుకోవాల.

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేసే నేతన్న గతీ ఇంతే. ఆయన మన కులం కాదు, మన వాడకు వచ్చేవాడూ కాకపోవచ్చు. అయినా అంచూ కొంగూ కుదిర్చేది ఆయన చెయ్యి, చీర మీదికెక్కేది షోరూము పేరు.

ఇక కుప్పం. తెల్లారకముందే బెంగుళూరు రైలెక్కే జనంలో మనోళ్ళెందరు! కట్టుబడి పనికి కొందరు, గార్మెంట్సుకు కొందరు. ఒక చొక్కాలో ఒకరికి కాలరే, ఇంకొకరికి చెయ్యే, వేరొకరికి కాజాలే. గంటకిన్ని అని టార్గెట్టు. పూర్తి చొక్కా ఎట్లుంటాదో కుట్టినమ్మకే తెలీదు. ఈ ఆడోళ్ళే 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ డబ్బు వాళ్ళకు అందకుండా రూలు మారిస్తే, నాయకులెవరూ పిలవకుండానే బెంగుళూరు రోడ్లు నింపేసినారు. రెండు రోజుల్లో ఢిల్లీ ఆ రూలు వెనక్కి తీసుకుంది.

'కులవృత్తిని పొగిడి మమ్మల్ని మళ్ళీ లంద దగ్గరికి తోలతారా?' అని మన కుర్రోళ్ళు అడుగుతారు. అడగాల. చచ్చిన గొడ్డు మొయ్యొద్దన్న అంబేద్కర్ మాట మీదనే మేమూ ఉండాం. మేమడిగేది లంద కాదు, డ్రాయింగు బల్ల. కేంద్రం నిఫ్ట్ అనే డిజైన్ కాలేజీని 1986లో ఢిల్లీలో, 1995లో హైదరాబాదులో పెట్టింది. ఎస్సీలకు సీట్లుండాయి. కాని రాత పరీక్ష తెలుగులో లేదు, నాలుగేళ్ళ చదువుకు లక్షలు కావాల, బొమ్మలేయడం నేర్పే మాస్టరు మన హాస్టళ్ళలో కనపడడు. ఎస్సీ గురుకులంలో పదో తరగతి చదివే మన పిల్ల 'నేను ఫ్యాషన్ డిజైనర్ అవుతా సార్' అంటే ఏ బోర్డు చూపిస్తారు? మూడు నెలల బోర్డే!

ఈసారి మీ మండలంలో కుట్టుమిషన్లు పంచే మీటింగు పెడితే పోండి, మిషను తీసుకోండి, అది మన డబ్బే. తీసుకున్నాక మైకు కూడా తీసుకోండి. ఈ మూడు ఊళ్ళ గురుకులాల నుంచి నిఫ్ట్‌కి ఇప్పటిదాకా ఎంతమందిని పంపినారని అడగండి. మన తోలు కార్పొరేషన్ లిడ్‌క్యాప్ మాదిగ పిల్లోళ్ళకు డిజైన్ బడి ఎప్పుడు పెడతాదని అడగండి. స్టేజీ మీద ఉన్నోళ్ళు జవాబు చెప్పేదాకా మైకు ఇయ్యొద్దండి.