‘ఫర్వాలేదు’ వెనకాల నొప్పి

తుంటి మార్పిడి జరిగిన మర్నాడు పొద్దున డాక్టరు రౌండ్స్‌కి వచ్చి ‘నొప్పిగా ఉందా మామ్మగారూ?’ అని అడుగుతారు. కదలకుండా పడుకున్న పెద్దావిడ ‘ఫర్వాలేదు బాబూ’ అంటుంది. కేస్‌షీట్‌లో ‘నొప్పి లేదు’ అని పడుతుంది. గంట తర్వాత ఫిజియోథెరపిస్టు వాకర్ తెచ్చి నిలబెట్టబోతే మంచం పట్టె వదలదు. ‘ఈవేళ వద్దు నాయనా, రేపు చూద్దాం.’

చిక్కంతా ఆ రేపటితోనే. ఆపరేషన్ రోజునో మర్నాడో నడిపించాలన్నది ఇప్పటి పద్ధతి. మంచానికి అంటుకుపోతే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టొచ్చు, న్యుమోనియా రావచ్చు, వీపున పుండ్లు పడొచ్చు, కండ కరిగిపోతుంది. అందుకే నొప్పి తగ్గించడమన్నది సుఖం కోసం కాదు, నడక కోసం.

అయితే పెద్ద వయసులో ప్రతి మందుకూ ఓ మెలిక ఉంది. డైక్లోఫెనాక్ వంటివి కిడ్నీని, కడుపును, గుండెను ఇబ్బంది పెడతాయి. ట్రమడాల్, మార్ఫిన్ ఎక్కువైతే కళ్లు తిరుగుతాయి, మలబద్ధకం పట్టుకుంటుంది. రాత్రివేళ సొంత కొడుకునే పోల్చుకోలేక కేకలు పెడితే ఇంట్లోవాళ్లు ‘మతి తప్పింది’ అని బెంబేలెత్తుతారు. ఆ గందరగోళానికి మందు ఎక్కువ కావడమూ కారణమే, నొప్పికి మందు చాలకపోవడమూ కారణమే. భయపడి మాత్రలన్నీ ఆపేస్తే సగం కారణం అలాగే ఉండిపోతుంది.

దారి మధ్యలో ఉంది. ఆపరేషన్ సమయంలోనే నరానికి గానీ కీలు చుట్టూ గానీ మత్తు ఇంజెక్షన్. ఆ తర్వాత అడిగినప్పుడు కాకుండా గడియారం చూసి పారాసెటమాల్. బక్కపలచని వారికి, కాలేయం బాగాలేని వారికి మోతాదు తగ్గించి. గట్టి మందు అవసరమైతే చిన్న మోతాదులో, నడిపించే ముందు, విరేచనం సాఫీగా అయ్యే మందుతో కలిపి. మతిమరుపు ముదిరి చెప్పలేని వారికి 2003లో వెలువడిన పెయినాడ్ కొలమానం ఉంది. ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరట పడటం: ఒక్కోదానికి రెండు మార్కులు, మొత్తం పది.

వీటిలో చాలావాటికి కొత్త యంత్రాలక్కర్లేదు. బీపీ, జ్వరం రాసే చార్టులో ఇంకో గడి చాలు: నిలబడినప్పుడు నొప్పి ఎంత? ఇంటికి పంపేటప్పుడు ఆ అలవాటునూ కుటుంబానికి నేర్పాలి. తగ్గుతున్న నొప్పి హఠాత్తుగా పెరిగినా, పిక్క వాచినా, కాలు పొట్టిగా కనిపించినా మాత్ర వేసి ఊరుకోకూడదని, వెంటనే ఆసుపత్రికి రావాలని చీటీలో తెలుగులో రాసివ్వాలి. మామ్మగారు అప్పుడు కూడా ‘ఫర్వాలేదు’ అనే అంటుంది.